రోజంతా ఊపిరి సలపనివాళ్ళు తమ ఒంటి కోసం ఏ చిన్న అలవాట్లు పెట్టుకున్నారు? నిలబడినవే చెప్పండి

వశిష్ఠ ఒడ్డు (ఆదివారం, రాత్రి 10:20)
అందరికీ నమస్కారమండీ. మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు, ఉద్యోగం నరసాపురంలో, లేసు ఎగుమతి చేసే ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పొద్దున వంట, ఇద్దరు పిల్లల క్యారేజీలు, అత్తయ్యగారికి షుగరు కాబట్టి ఆవిడ టిఫిన్ టైముకి పెట్టి మాత్ర ఇవ్వడం, తర్వాత స్కూటీ మీద రేవుకి వెళ్ళి గోదావరి దాటించే పంటు ఎక్కడం, సాయంత్రం మళ్ళీ ఇదంతా వెనక్కి. మావారిది మేత కంపెనీలో చెరువుల వెంట తిరిగే పని, ఎప్పుడు ఇంటికొస్తారో ఆయనకే తెలీదు. మొన్న ఆఫీసులో రక్త పరీక్షలు చేస్తే నాకు హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. మెడనొప్పి ఎప్పటినుంచో ఉంది. డాక్టరుగారు "మిమ్మల్ని మీరు కాస్త చూసుకోవాలమ్మా" అన్నారు. మంచిమాటే, కానీ ఏ గంటలో చూసుకోవాలో నాకు నిజంగా తెలియడం లేదు. జిమ్ము, యోగా క్లాసు, పొద్దున గంట నడక ఇవేవీ నాకు కుదరవు. మీలో ఇలాగే తీరిక లేనివాళ్ళు ఉంటే, మొదలుపెట్టాక నెలలు గడిచినా ఆగకుండా సాగిన చిన్న పని ఒక్కటి చెప్పండి, అది ఎలా ఆగకుండా సాగిందో కూడా చెప్పండి.

ఉదయరాగం (ఆదివారం, రాత్రి 10:41)
అమ్మా, నాది తణుకు, రిటైరైన ఉద్యోగిని. నా సలహా ఒక్కటే, తెల్లవారుజామున 4 గంటలకు లేవండి. ఆ వేళ ఫోను మోగదు, పిల్లలు పిలవరు, ఆ గంటన్నర పూర్తిగా మీదే. కాలువగట్టు మీద నడిచి వచ్చి గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు తాగితే రోజంతా హుషారుగా ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాను, ఇంతవరకు బీపీ మాత్ర వేసుకోలేదు.

పీహెచ్‌సీ సిస్టర్ (ఆదివారం, రాత్రి 11:05)
బాబాయ్‌గారూ, మీ అలవాటు మీకు మంచిదే. కానీ ఈవిడ పడుకునేసరికి ఎంతవుతుందో అడగాలి కదండీ. పదకొండున్నరకి పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే నిద్ర నాలుగున్నర గంటలు. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 7 గంటలు నిద్ర కావాలి. అంతకు తక్కువ నిద్రతో ఏళ్ళ తరబడి నెట్టుకొస్తే బీపీ, షుగరు, బరువు పెరిగే అవకాశం ఉంటుంది. నిద్ర తెగ్గోసి నడక మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

చెల్లెమ్మా, నేను ముమ్మిడివరం వైపు పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. మీ విషయంలో నడక కంటే ముందు చూడాల్సింది రక్తం. ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాం, 9.6 అంటే అశ్రద్ధ చేసే అంకె కాదు. ఆయాసం, నీరసం, చిరాకు చాలావరకు దాని వల్లే కావచ్చు, మీరు బద్ధకం అనుకుంటున్నారేమో. నెలసరి ఎక్కువగా అవుతుంటే మొహమాటం లేకుండా డాక్టరుకి చెప్పండి, కారణం తెలియకుండా ఒట్టి మాత్రలు మింగితే మళ్ళీ మొదటికొస్తుంది. ఐరన్ మాత్ర ఇచ్చి ఉంటే టీతోనో పాలతోనో వేసుకోకండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మన జిల్లాల్లో చాలామందికి ఉంది, ఆ టీ తిండిలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. కనీసం గంట ఆగండి. పప్పులోకో తోటకూరలోకో నిమ్మకాయ పిండుకోండి, దాంతో ఐరన్ బాగా పడుతుంది. చేపలు, మాంసం తినేవాళ్ళయితే ఇంకా మంచిది. ఇందులో ఏదీ అదనంగా టైము అడగదు, చూడండి.

వశిష్ఠ ఒడ్డు (ఆదివారం, రాత్రి 11:18)
సిస్టర్‌గారూ, ఆఫీసుకి చేరగానే టీ, మధ్యాహ్నం క్యారేజీ మూత పెట్టగానే టీ. ఇన్నేళ్ళలో ఇది ఎవరూ చెప్పలేదు నాకు. చాలా థాంక్సండీ.

భీమవరం చెరువుగట్టు (సోమవారం, తెల్లవారుజాము 3:50)
ఈ టైముకి రాస్తున్నాను అంటే అర్థం చేసుకోండి, గట్టు మీదే ఉన్నాను. వనామీ రొయ్యల చెరువులు. పగలు నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక ఆ నాచే ఆక్సిజన్ పీల్చేస్తుంది, అందుకే తెల్లారే ముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోద్ది, పంట మొత్తం ఒక్క రాత్రిలో పోవచ్చు. కాబట్టి 7 గంటల నిద్ర ఒకేసారి పోవడం మా రైతులకి పంట కాలంలో కుదిరే పని కాదు సిస్టర్.

మేము చేసింది ఏంటంటే, నేనూ మా తమ్ముడూ రాత్రులు పంచుకున్నాం. ఒక రాత్రి వాడు, ఒక రాత్రి నేను. ముందు ఇద్దరం రోజూ సగం సగం మేలుకునేవాళ్ళం, దాంతో ఇద్దరికీ నిద్ర లేక, మాటామాటా పెరిగి, ఇంట్లో ఆడవాళ్ళ మీద అరవడం, పగలు మేత లెక్కలు తప్పడం. ఇప్పుడు నా వంతు లేని రాత్రి ఫోను కూడా వాడి దగ్గరే పెడతాను, లేకపోతే గుమస్తా ఫోన్ చేసి లేపేస్తాడు. కాపలా ఉన్న రాత్రి 12 దాటాక టీ కాఫీ ముట్టను, ఎందుకంటే పొద్దున ఇంటికెళ్ళాక నిద్ర పట్టాలి. కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేసి పడుకుంటాను.

ఇంకొకటి, దీన్ని ఆరోగ్యం కింద ఎవరూ లెక్కపెట్టరు గానీ నేను పెడతాను. రాత్రి గట్టు మీదకి బూట్లు, టార్చి లేకుండా అడుగు పెట్టను, పాములు ఎక్కువ మాకు. తడి చేతుల్తో ఏరేటర్ స్టార్టర్ ముట్టుకోను, ముట్టుకోనివ్వను. చుట్టుపక్కల ఊళ్ళలో షాక్ కొట్టి పోయినవాళ్ళు ఉన్నారు. అక్కలూ అన్నలూ, మీ ఇళ్ళలో చెరువు పని చేసేవాళ్ళుంటే ఈ రెండూ గట్టిగా చెప్పండి.

బడిగంట (సోమవారం, ఉదయం 7:02)
నేను పి.గన్నవరం మండలంలో టీచరుని. నా సమస్య చెప్పుకోవడానికి మొహమాటంగా ఉండేది, కానీ ఈ చర్చలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. బడిలో బాత్రూం వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్ళు తాగకపోవడం. చాలామంది లేడీ టీచర్లు, బస్సు కండక్టర్లు, షాపుల్లో నిలబడే అమ్మాయిలు ఇదే చేస్తారు. దానివల్ల నాకు యూరిన్ ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వచ్చేది. నీళ్ళు తాగండి అని డాక్టరు చెబితే సరిపోదు, వెళ్ళడానికి వీలు కూడా ఉండాలి కదా. మా బడిలో ముగ్గురం టీచర్లం కూర్చుని మాట్లాడుకుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రెండో పీరియడ్ బెల్లు కొట్టగానే పక్క క్లాసు టీచరు గుమ్మంలో నిలబడి రెండు క్లాసులూ చూస్తుంది, ఒకరు వెళ్ళొస్తారు. మధ్యాహ్నం తర్వాత ఇంకోసారి. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, బెల్లే గుర్తు చేస్తుంది. అప్పట్నుంచి సీసా నీళ్ళు బల్ల మీద పెట్టుకుని నిర్భయంగా తాగుతున్నాను, గొంతు పోవడం కూడా తగ్గింది.

వశిష్ఠ ఒడ్డు గారూ, మీ ఆఫీసులో మీతో పనిచేసే ఆడవాళ్ళతో ఒకసారి మాట్లాడి చూడండి. ఒక్కరం పట్టుదలగా చేసేదానికంటే ఇద్దరు కలిసి ఒప్పందం పెట్టుకున్నది ఎక్కువ కాలం నడుస్తుంది.

అంబాజీపేట కొబ్బరి (సోమవారం, ఉదయం 9:30)
అక్కా, ఏదైనా 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోద్ది, ఆ తర్వాత ఒళ్ళే అడుగుద్ది. ఒక్కరోజు ఆపినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. నేను పుషప్స్ అలాగే మొదలెట్టాను, ఇప్పుడు మార్కెట్టుకి వెళ్ళే ముందు చేయకపోతే ఏదో వెలితి.

బడిగంట (సోమవారం, మధ్యాహ్నం 1:10)
తమ్ముడూ, నీ పట్టుదల బాగుంది కానీ ఆ 21 రోజుల మాట నమ్మి చాలామంది మధ్యలో వదిలేస్తున్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని తీసుకుని రోజూ ఒక చిన్న పని, అంటే భోజనంతో పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం లాంటిది, ఎంతకాలానికి అలవాటవుతుందో చూశారు. ఆ పరిశోధన 2009లో వచ్చింది. సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 రోజుల దాకా వెళ్ళింది. ముఖ్యమైన సంగతి ఏంటంటే ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని అందులో తేలింది. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు, జ్వరాలు, చుట్టాలు, తుపాన్లు వస్తూనే ఉంటాయి. ఒకరోజు పోయిందని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలంటే ఆడవాళ్ళెవరూ 21 కూడా దాటలేరు. మర్నాడు చేసేయాలి, అంతే.

ఆ పరిశోధనలో అందరూ ఆ పనిని రోజూ జరిగే ఏదో ఒకదానికి తగిలించారు. టైము చూసి చేయడం కాదు, ఒకటి జరగగానే రెండోది చేయడం. మా బెల్లు అందుకే పనిచేసిందని నా నమ్మకం.

లేసుదారం (సోమవారం, మధ్యాహ్నం 3:25)
నమస్తే అందరికీ. మా అమ్మ, నేను, మా పిన్ని ముగ్గురం ఇంట్లో లేసు అల్లుతాం, నరసాపురానికి కాస్త దూరంలో. మన లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చిందని అందరూ సంతోషపడ్డాం, నేనూ పడ్డాను, కానీ ఆ లేసు అల్లే ఆడవాళ్ళ కళ్ళ గురించి, నడుము గురించి ఎవరూ మాట్లాడరని నాకు బాధ. తెల్ల దారం మీద గంటల తరబడి చూపు పెడితే కళ్ళు మండుతాయి. కళ్ళ డాక్టరు చెప్పింది ఏంటంటే 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని. గడియారం చూస్తూ కూర్చుంటే పని సాగదు కదా, అందుకని వరస పూర్తవ్వగానే తలెత్తి వీధి చివర కొబ్బరిచెట్ల మొవ్వుల వైపు చూస్తాను. ఉండ అయిపోతే కొత్త ఉండ తెచ్చుకోవడానికి లేవాలి, అందుకే ఉండలన్నీ పక్కన పెట్టుకోకుండా అవతల గదిలో పెట్టాను. అలా లేచినప్పుడే రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుని, గడప దగ్గర నిలబడి మెడ అటూ ఇటూ మెల్లగా తిప్పుతాను.

మా అమ్మకి నలభై దాటాక దగ్గరి చూపు తగ్గితే తలనొప్పి అనుకుని జండూ బామ్ రాసుకుంటూ ఏళ్ళు గడిపింది. అది చత్వారం, కళ్ళజోడు పెట్టగానే తలనొప్పి పోయింది. మీరు అకౌంట్స్ అంటున్నారు, రోజంతా కంప్యూటరే కదా అక్కా. ఒకసారి కళ్ళు చూపించుకోండి, మెడనొప్పికి కూడా అదే కారణం కావచ్చు, కనిపించక ముందుకి వంగి చూస్తాం.

వశిష్ఠ ఒడ్డు (సోమవారం, రాత్రి 9:55)
లేసుదారం చెల్లీ, నువ్వు చెప్పాక ఈరోజు ఆఫీసులో గమనించాను, నిజంగానే మెడ ముందుకి చాచి చూస్తున్నాను. స్క్రీను కింద రెండు పాత లెడ్జర్లు పెట్టి ఎత్తు చేశాను. కళ్ళ పరీక్షకి శనివారం వెళ్తాను.

బడిగంట గారూ, మీరు చెప్పిన "ఒకటి జరగగానే రెండోది" అన్నది నా రోజుకి కుదిరేలా ఉంది. నాకు రోజూ తప్పకుండా జరిగేది రేవు దగ్గర ఆగడం. పంటు అవతల ఉంటే ఇవతల నిలబడాల్సిందే. ఆ టైములో ఫోను చూస్తూ స్కూటీ మీదే కూర్చుంటాను. దాన్ని ఎలా వాడుకోవచ్చో చెప్పండి. కానీ నా అసలు చిక్కు ఇంట్లో. రాత్రి పనులు అయ్యేసరికి పదకొండు దాటుతుంది, అవి తగ్గకుండా నిద్ర ఎక్కడినుంచి వస్తుంది?

కడియం మొక్క (సోమవారం, రాత్రి 10:30)
అమ్మాయ్, అసలు మాట ఇప్పుడు అడిగావు. నాకు కడియపులంకలో నర్సరీ ఉంది, పదిమంది ఆడకూలీలతో పని. నేను ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నాను, ఆడదాని ఒంటికి సగం రోగం పని పంచుకోకపోవడం వల్ల వస్తుంది. నీ పిల్లల వయసెంతో చెప్పలేదు. ఎనిమిదేళ్ళు దాటితే వాళ్ళ క్యారేజీ వాళ్ళు సర్దుకోగలరు, నీళ్ళ సీసా నింపుకోగలరు, తిన్న కంచం కడగగలరు. మగపిల్లాడైనా సరే. మీ ఆయన ఎప్పుడొచ్చినా రాత్రి గిన్నెలు, పాలు తోడుపెట్టడం ఆయన పని అని చెప్పు. సాయం చేయమని అడగకు, ఇది మీ వంతు అని చెప్పు. సాయం అంటే వీలైనప్పుడు చేస్తారు, వంతు అంటే రోజూ చేస్తారు.

మా నర్సరీలో ఎండాకాలం ఒక నియమం ఉంది. ఉక్కపోత రోజుల్లో చెమట కారిపోతుంది, గాలి ఆడదు, దాహం వేసేదాకా ఆగితే తల తిరుగుతుంది. అందుకని ప్రతి మడి తడపడం అయ్యాక అందరూ నీళ్ళు తాగాకే రెండో మడికి వెళ్ళాలి. పదిన్నరకి ఉప్పేసిన పల్చటి మజ్జిగ. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని లేదు, షేడ్‌నెట్ కింద కవర్లలో మట్టి నింపుకోవడమే. ఎవరికైనా నీరసం, వాంతి వచ్చినట్టుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

పీహెచ్‌సీ సిస్టర్ (సోమవారం, రాత్రి 11:00)
కడియం అక్కగారు చెప్పిన కొలత సరైనదే. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఓఆర్‌ఎస్, ఉప్పు మజ్జిగ రోజువారీ అలవాటుగా పెట్టుకోకండి. మామూలు రోజుల్లో మనకి ఉప్పు తగ్గించుకోవడమే కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఇంచుమించు ఒక చిన్న చెంచా, అది కూరల్లో, పచ్చట్లో, ఎండుచేపల్లో అన్నిట్లో కలిపి. మన ఇళ్ళలో ఆవకాయ ఒక్కటే ఆ కోటా తినేస్తుంది. మానేయమని చెప్పను, ఆవకాయ వేసుకున్న పూట ఎండుచేప వద్దు, మజ్జిగలో ఉప్పు వద్దు.

వశిష్ఠ ఒడ్డు చెల్లెమ్మా, రేవు దగ్గర కూర్చోకుండా నిలబడి అటూ ఇటూ నడువు, చాలు. వారానికి 150 నిమిషాలు కాస్త వడిగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అదంతా ఒకేసారి ఉండక్కర్లేదు, 2020లో ఇచ్చిన సూచనల్లో ఎంత కొద్దిసేపైనా లెక్కలోకి వస్తుందని చెప్పారు. అయితే రక్తం పెరిగేదాకా ఆయాసం వచ్చేంత వేగం వద్దు. ఇంకో మాట, మీ అత్తగారికి షుగరు అన్నారు కదా. అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగరు ఒక్కసారిగా ఎక్కకుండా ఉంటుంది. రాత్రి భోజనం కాగానే ఆవిడా మీరూ కలిసి వీధిలో నడవండి. ఆవిడ వైద్యంలో భాగం కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు, ఆవిడే రోజూ మిమ్మల్ని లేపుతారు. చెప్పులు వేసుకుని నడవమనండి, షుగరు ఉన్నవాళ్ళు వట్టికాళ్ళతో వద్దు. వచ్చాక ఆవిడ పాదాలు ఒకసారి చూడండి, పుండు, పగులు ఉంటే ముందే తెలుస్తుంది.

పేరు లేదు (మంగళవారం, తెల్లవారుజాము 1:40)
ఇవన్నీ చదువుతున్నాను. నాకు నడక, నీళ్ళు చెప్పినా ఏదీ చేయబుద్ధి కావడం లేదు. నెల నుంచి నిద్ర లేదు, ఏడుపొస్తోంది, ఎవరితోనూ చెప్పలేదు.

పీహెచ్‌సీ సిస్టర్ (మంగళవారం, ఉదయం 5:55)
ఇక్కడ చెప్పారు, అది చాలా మంచి పని. రెండు వారాలకు మించి ఇలా ఉంటే అది ఇంకో అలవాటు పెట్టుకుంటే తీరేది కాదు, వైద్యం ఉంది, తగ్గుతుంది. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బులు అక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన గానీ వస్తుంటే ఒంటరిగా ఉండకండి, ఇప్పుడే ఇంట్లో ఒకరిని లేపండి, ఆసుపత్రికి వెళ్ళండి. నాకు ఇక్కడే విడిగా మెసేజ్ పెట్టండి, డ్యూటీలో ఉన్నా చూస్తాను.

కడియం మొక్క (మంగళవారం, ఉదయం 6:20)
తల్లీ, ఎవరివో తెలీదు కానీ ఈ ఉదయం నీ గురించే ఆలోచిస్తున్నాను. ఆ నంబరుకి ఫోన్ చెయ్యి. చేశాక ఇక్కడ ఒక చుక్క పెట్టినా చాలు, మాకు తెలుస్తుంది.

ఉదయరాగం (మంగళవారం, ఉదయం 8:15)
సిస్టరుగారు నాకు చెప్పింది సబబే. నేను రాత్రి ఎనిమిదిన్నరకి పడుకుంటాను, అందుకే నాలుగింటికి లేవగలుగుతున్నాను, అది నా వయసుకి దొరికిన వెసులుబాటు. ఇంకో సలహా చెబుతాను, నాలాంటి పెద్దవాళ్ళకి. మా కోడలు కూడా ఉద్యోగమే. ఉదయం మనవడిని లేపడం, స్నానం, ఆటో ఎక్కించడం నేను తీసుకున్నాను. నిన్న ఇదంతా చదివాక కూరగాయలు తరగడం కూడా రాత్రే చేసి పెట్టాను. ఇంట్లో తీరిక ఉన్నవాళ్ళం తీరిక లేనివాళ్ళకి ఉపదేశాలివ్వడం కంటే ఒక అరగంట ఇవ్వడం మంచిదనిపించింది.

పేరు లేదు (మంగళవారం, మధ్యాహ్నం 12:30)
ఫోన్ చేశాను. మాట్లాడారు. గురువారం అమలాపురంలో డాక్టరు దగ్గరికి అక్కతో వెళ్తున్నాను.

వశిష్ఠ ఒడ్డు (మంగళవారం, రాత్రి 9:40)
పేరు లేదు గారూ, మీ మాట చదివి మనసు కుదుటపడింది. వెళ్ళి రండి.

నా సంగతి కూడా చెబుతాను. మధ్యాహ్నం టీ గంట వెనక్కి జరిపాను. పెద్దాడికి పదకొండేళ్ళు, క్యారేజీలు వాడి వంతు, మొదట మూతి ముడుచుకున్నాడు, తమ్ముడి డబ్బా కూడా తనే సర్దాలనేసరికి పెద్దరికం వచ్చింది. మావారితో గిన్నెల మాట మాత్రం ఇంకా తేలలేదు, "నేను వచ్చేసరికి ఒంటిగంట కూడా కావచ్చు" అంటున్నారు, అదీ నిజమే. ఆయన ముందు వచ్చిన రాత్రి ఆయన, లేకపోతే గిన్నెలు నానబెట్టి పొద్దున ఆయనే, అని చెప్పాను. చూడాలి. అత్తయ్యగారు నడకకి ఒప్పుకున్నారు, కొత్త చెప్పులు కావాలన్నారు.

భీమవరం చెరువుగట్టు (బుధవారం, తెల్లవారుజాము 4:10)
బాగుంది అక్కా. సిస్టర్, నాదొక ప్రశ్న. బీపీ మెషీన్ కొన్నాను. రాత్రి కాపలా నుంచి రాగానే చూసుకుంటే 150 చూపిస్తోంది, సాయంత్రం చూస్తే 130. ఏది నమ్మాలి?

పీహెచ్‌సీ సిస్టర్ (బుధవారం, ఉదయం 6:05)
గట్టు మీద నుంచి వచ్చీ రాగానే చూడకండి తమ్ముడూ. ముందు అరగంట టీ, సిగరెట్ ఉండకూడదు, ఒంటేలుకి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేల మీద ఉంచి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, చొక్కా మీద నుంచి కాదు, చర్మానికే కట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. పొద్దున, సాయంత్రం ఒక వారం రాసి డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఇలా చూసినప్పుడు 135/85 దాటుతుంటే చూపించకుండా ఉండొద్దు. నిద్ర లేని రాత్రి మర్నాడు బీపీ కొంచెం ఎక్కువే ఉంటుంది, కాపలా రోజులు పక్కన గుర్తు పెట్టుకోండి.

భీమవరం చెరువుగట్టు (బుధవారం, ఉదయం 6:30)
సరే సిస్టర్. మా తమ్ముడిది, నాన్నగారిది కూడా కలిపి ఒకే పుస్తకంలో రాస్తాను. పై అంకె, కింది అంకె రెండూ రాయాలా?

పీహెచ్‌సీ సిస్టర్ (బుధవారం, ఉదయం 6:34)
రెండూ రాయండి. టైము కూడా. ముగ్గురివీ వేరువేరు పేజీల్లో.